ఆపద తలుపు మీద నేను గీసిన గీత

కాట్టుపల్లి ఓడరేవులో కాంట్రాక్టు పనికి చేరిన మా అక్క మనవడు మొన్న ఇంటికొచ్చి ఒక మాటన్నాడు. "తాతా, సేఫ్టీ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏం గాదు. లిస్టులో టిక్కు పెట్టి సంతకం చేస్తే అయిపాయ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా వాడి వయసులో నేనూ ఇంచుమించు అదే అన్నాను గనక కోపం దిగమింగి, "రాసిస్తాను, చదువుకో" అన్నాను. "తెలుగులోనా?" అని మొహం చిట్లించాడు. వాడికి తమిళమైతే గడగడా వస్తుంది, తెలుగు కూడబలుక్కోవాలి. కూడబలుక్కునే చదవనీ. తొందరగా చదివితే తొందరగా మరచిపోతాడు.

నా పేరు మునిరత్నం. మాది తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగైలో సేద్యం చేసుకునే కుటుంబం. డెబ్బైల మొదట్లో తిరువళ్ళూరులో బస్సు బాడీ పనికి చేరి, తరవాత తిరుత్తణికి మారి, అక్కడే వయసైపోయి ఇంటికొచ్చాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఎవరిని దాటి పైకెళ్ళారు అనే సంగతులు రాయను. అవి అప్పుడే ఎవరికీ పట్టలేదు, ఇప్పుడేం పడతాయి.

షెడ్డు పొద్దులు

మాది ప్రైవేటు కంపెనీ. తిరువళ్ళూరులో ఒక షెడ్డు, తిరుత్తణిలో ఒక షెడ్డు. యజమానిని అందరం ముదలాళి అనేవాళ్ళం. పొద్దున్నే మొదటి బండ్లు వెళ్ళిపోయాక షెడ్డులో కాసేపు సద్దు మణిగేది. అప్పుడు టీ తాగేవాళ్ళం. రేకుల కప్పు కింద లప్పం వాసన, కొత్త రెక్సిన్ వాసన, డీజిల్ వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా పెయింటు డబ్బా మూత తీస్తే నేను నడక ఆపి నిలబడతాను. ఆ పొద్దులు మళ్ళీ ఇస్తామంటే ఈ మోకాళ్ళ నొప్పులతోనే వెళ్ళిపోతాను.

ఇంజన్ పనివాళ్ళకు మేమంటే చులకన. "రేకు కొట్టేవాళ్ళు" అనేవారు. ఇంజన్ ఆగితే బస్సు ఆగుతుంది, ముదలాళి పంచె ఎగ్గట్టుకొని పరుగెత్తుకొస్తాడు. మా పని చెడితే సీటు ఊగుతుంది, కిటికీ గలగలమంటుంది, అంతే. అందుకే మేమూ ఊరుకునేవాళ్ళం కాదు. "మీ ఇంజన్ మీద కూర్చొని ఊరికి పొమ్మను చూద్దాం ప్యాసింజర్ని" అని ఏడిపించేవాళ్ళం.

తిరువళ్ళూరు షెడ్డులో మా మేస్త్రి దేవరాజులు. వెంగల్ ఊరి మనిషి. వాళ్ళకు వరి మళ్ళుండేవి. నాట్లప్పుడు సెలవు పెట్టి వెళ్ళేవాడు, తిరిగొచ్చిన వారం దాకా గోళ్ళలో బురద ఉండేది. బస్సు పక్కనే నడుస్తూ వేలి కణుపులతో రేకును తట్టి, లోపల ఏ రివెట్టు వదులైందో చెప్పేవాడు. అది నాకు నేర్పమని ఎన్నిసార్లు అడిగినా "తట్టరా, అదే వస్తాది" అనేవాడు. నాకు రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

కట్టుతీగ

మా బస్సులకు ప్రయాణికులు ఎక్కి దిగే తలుపులు రెండూ ఎడమ వైపే. కుడి వైపు వెనక భాగంలో ఇంకొక తలుపుంటుంది. దాని మీద తమిళంలో ఎర్రటి అక్షరాలతో 'అవసర వళి' అని రాసుంటుంది. దేవరాజులన్న దాన్ని ఆపద తలుపు అనేవాడు. ఏళ్ళ తరబడి దాన్ని ఎవరూ తెరవరు. గుంతలో పడినప్పుడల్లా మాత్రం గలగలలాడుతుంది. డ్రైవరు వచ్చి షెడ్డు పుస్తకంలో 'సౌండు' అని రాసిపోతాడు.

దానికి ఆ రోజుల్లో అన్ని షెడ్లలోనూ ఒకటే వైద్యం. పిడికి కట్టుతీగ చుట్టి చట్రానికి బిగించేయడం. చేరిన రెండో ఏడు నేనూ అలాగే బిగించాను. సౌండు పోయింది. దేవరాజులన్న చూసిపోయాడు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నన్ను ఆ బస్సెక్కించి, ఎడమ వైపు తలుపులు రెండింటికీ బయటినుంచి దుంగలు అడ్డం పెట్టాడు.

"ఇంక దిగి రా" అన్నాడు.

చిత్తిరై నెల ఎండ. కిటికీలకు కమ్ములు. తీగ విప్పబోయి వేలు కోసుకున్నాను. చెమటకు పిడి జారిపోతోంది.

"అన్నా, కటింగ్ ప్లేయరు ఇయ్యన్నా!" అని అరిచాను.

"ప్యాసింజరు సంచీలో కటింగ్ ప్లేయరు పెట్టుకొని వస్తాడారా?" అన్నాడు, బయట బీడీ ముట్టించుకుంటూ.

బీడీ అయిపోయేదాకా నన్ను అందులోనే ఉంచాడు. దించాక నా వేలు చూసి, తన తువాలు చింపి కట్టు కట్టి అప్పుడు చెప్పాడు. "సౌండు చేసే తలుపు మీద డ్రైవరు కంప్లైంటు రాస్తాడు. తెరుచుకోని తలుపు మీద ఎవురు రాస్తారు? చచ్చినోడు వచ్చి రాస్తాడా?"

ఆ రోజు నుంచి నేను తీగ కట్టలేదు. ఇంకెవరైనా కడితే కోసిపారేసేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్ళకు ఈ కథ చెప్పి గొప్పలు కూడా పోయేవాణ్ణి. ముందు జరిగింది తెలియనితనం వల్ల జరిగిందని మీరనుకోకూడదు, అందుకే ఇది ఇంత వివరంగా రాశాను.

వెనక్కి పిలిచిన బండ్లు

ఎనభైల మొదట్లో నేను తిరుత్తణి షెడ్డులో బాడీ మేస్త్రినయ్యాను. అప్పటికే దేవరాజులన్న పని చాలించుకొని వెంగల్‌లో మళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. మా కంపెనీ ఒకే చోట ఆరు బస్సులకు కొత్త బాడీలు కట్టించింది. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి గానీ ఆపద తలుపు గడియల్లో కొక్కెం మెత్తటి ఇనుముతో పోత పోసింది. కొన్నాళ్ళకే అరిగిపోయింది. ఒకోసారి గుంతలో పడితే తలుపు తానే తెరుచుకునేది. ఒకోసారి ఎంత లాగినా కొక్కెం వదిలేది కాదు.

ఇలాంటి బాడీయే ఉన్న వేరే ఊరి బస్సులో తలుపు తెరుచుకొని ఒక పెద్దాయన బయట పడబోయాడట, పక్కనున్నవాళ్ళు పంచె పట్టుకొని లాగారట. సంగతి బ్రేక్ ఇన్‌స్పెక్టరు దాకా వెళ్ళింది. మోటారు బండ్లను తనిఖీ చేసే అధికారిని మా వైపు అలాగే అంటారు. ఆయన గట్టిగా పట్టుకున్నాడు. ఆ బాడీలు కట్టినవాళ్ళే బండ్లన్నిటినీ వెనక్కి పిలిచి కొత్త గడియలివ్వాలి, బిగించాక ప్రతి షెడ్డు మేస్త్రీ తెరిచి చూసి సంతకం పెట్టాలి, అంతదాకా బండి రోడ్డెక్కకూడదు అన్నాడు. ఇప్పుడు మీరు రీకాల్ అంటున్నది ఇదే.

ఆరు గడియలూ నేనే బిగించాను. నా చేతి కిందివాళ్ళకు వదల్లేదు. ప్రతి బస్సులోనూ లోపల సీట్లో కూర్చొని, ఒక్క చేత్తో పిడి తిప్పి, తలుపు తోసి చూశాను. ఒకసారి కాదు, చెయ్యి నొప్పి పుట్టేదాకా. తరవాతే సంతకం పెట్టాను. ఆ పని మంచి పనే. ఈ రోజుకీ ఆ గడియల గురించి నన్నెవరూ వేలెత్తి చూపలేరు.

అంచు

పది రోజులకు ఆయుధపూజ వచ్చింది. షెడ్డు పండగంటే అదే. అన్ని బండ్లకూ కొత్త రంగు, అరటి పిలకలు, బొరుగులు, సుండల్ గుగ్గిళ్ళు, గుమ్మడికాయ. మా ముదలాళి నేతవాళ్ళ బిడ్డ. వాళ్ళ నాయన మగ్గాలు అమ్మి మొదటి బస్సు కొన్నాడు. అందుకో ఏమో, బస్సు నడుము చుట్టూ లక్క ఎరుపు, అదే అరక్కు రంగు పట్టీ, దానికి పైనా కిందా పసుపు గీతలు ఉండాలని ఆయనకు పట్టుదల.

"చీరకు అంచు ఎట్లనో బండికి గీత అట్ల, రత్నం. నడిమధ్య తెగితే అది చీర గాదు, గుడ్డ" అనేవాడు.

జనం కూడా మా బండ్లను 'అంచు బండి' అనేవాళ్ళు. ఆ గీతలు గీసేది నేనే. కుంచె పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుడులో బారెడు గీసేవాణ్ణి. ఆ పని చేస్తుంటే ఇంజన్ వాళ్ళు కూడా వచ్చి నోరెత్తకుండా చూసేవాళ్ళు. నాకు అది చాలా సంతోషంగా ఉండేది.

ఆ ఏడు ఒక చిక్కొచ్చింది. కొత్త గడియల వల్ల ఆపద తలుపు చట్రంలోంచి కాస్త ముందుకొచ్చి కూర్చుంది. గీత అక్కడికొచ్చేసరికి మెట్టు దిగినట్టు తెగిపోతోంది. ఆరు బండ్లకూ అదే. నేను ఆలోచించి, తలుపు చుట్టూ సందులో లప్పం కూరి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, దాని మీద రెండు కోట్లు రంగు వేసి గీత గీశాను. లోపలి వైపు కూడా పొడుగూతా పట్టించాను. అక్కడ తలుపుందని చేత్తో తడిమినా తెలియదు. పైగా సౌండు కూడా పోయింది. డ్రైవర్లు మెచ్చుకున్నారు.

పూజ రోజు పొద్దున ముదలాళి వచ్చి ఆ పట్టీ మీద చెయ్యి రాస్తూ బస్సు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. "ఇదిరా అంచంటే!" అని కొత్త తువాలు నా భుజాన కప్పాడు. సుండల్ తినడానికొచ్చిన బ్రేక్ ఇన్‌స్పెక్టరు కూడా "బాగుండాదయ్యా" అన్నాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

రంగు ఆరాక ఆ తలుపు తెరిచి చూడాలని నాకు తోచలేదు. గడియ బాగుంది గదా, సంతకం అయిపోయింది గదా అని కూడా అనుకోలేదు. అసలు దాని ఊసే రాలేదు.

పళ్ళిపట్టు బండి

ఐపసి వానలు మొదలయ్యాయి. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. మధ్యాహ్నం పళ్ళిపట్టు నుంచి తిరుత్తణికి వచ్చే మా బండి నిండా నేతవాళ్ళు, పండగ చీరల మూటలు. ఎదురుగా చెరకు లారీ వస్తే డ్రైవరు దారి ఇచ్చాడు. నానిన రోడ్డంచు కుంగింది. బస్సు ఎడమ పక్కకు జారి కాలువలోకి ఒరిగింది. తలుపులు రెండూ కాలువ గట్టుకు అతుక్కుపోయాయి. సీటెత్తు నీళ్ళు లోపలికొచ్చాయి. డ్రైవరు వెనక కమ్ముల అడ్డు, కిటికీలకు కమ్ములు. మిగిలింది కుడి వైపు ఆపద తలుపొక్కటే.

నేను లారీలో మనుషుల్ని తీసుకొని వెళ్ళేసరికి అందరూ రోడ్డు మీద ఉన్నారు. ఒక్క ప్రాణం పోలేదు. ఏకాంబరం అనే నేతగాడు వెనక అద్దాన్ని ఉత్త చేత్తో పగలగొట్టాడు. ఆ పగిలిన అద్దం అంచు చేత్తోనే అదిమిపట్టి అందరినీ దింపి, ఆఖరున తాను దిగాడు. కుడి మణికట్టు దగ్గర నరాలు తెగిపోయాయి. అతన్ని అప్పటికే తిరుత్తణి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

"అతని పెండ్లాము సరోజ ఆ తలుపు కాడనే కూసోనుండె. తెరవను చేతగాలేదు ఆయమ్మకు" అన్నారు అక్కడున్నవాళ్ళు. ఒకరు కాదు, నలుగురు అదే మాట చెప్పారు.

బ్లేడు

సాయంత్రానికి బస్సును షెడ్డుకు లాక్కొచ్చాము. మర్నాడు పొద్దున నేను లోపలికెక్కి పిడి తిప్పాను. కొక్కెం వెన్నలాగా జరిగింది. తలుపు కదల్లేదు. భుజం పెట్టి తోశాను. కదల్లేదు. దిగి బయటికొచ్చి చూస్తే, అంత జరిగినా నా గీత మీద వెంట్రుకంత పగులు లేదు. మెట్టు మీద కూర్చున్నాను.

ముదలాళి వచ్చాడు. నా మొహం చూసి, తలుపు చూసి, విషయం గ్రహించాడు. మధ్యాహ్నం బ్రేక్ ఇన్‌స్పెక్టరు వస్తాడు. నేను లప్పం పెట్టిన మిగతా అయిదు బండ్లు పండగ జనంతో రోడ్డు మీద తిరుగుతున్నాయి.

"బ్లేడు తీసుకొని ఆ సందు కోసెయ్, రత్నం. అయిదు నిమిషాల పని" అన్నాడు, గొంతు తగ్గించి. "తెరవను తెలియలేదని వాళ్ళే చెప్తాండారు గదా. మనం ఒక్క అబద్ధం గూడా చెప్పబన్లేదు. మిగతా బండ్లు పండగ పోయినాక ఒకొకటిగా చూసుకుందాం."

ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. నా పిల్లలు చిన్నవాళ్ళు, సంతకం నాది. బ్లేడు తీసుకొని కోయడం మొదలుపెట్టాను. పైనుంచి జానెడున్నర కోశాను. ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను, కానీ వదిలేస్తే మిగతాది చదవక్కర్లేదు.

అప్పుడు వెనక ఎవరో "అన్నా" అన్నారు. సరోజ. బస్సులో ఉండిపోయిన చీరల మూట కోసం ఆసుపత్రి నుంచి నడిచి వచ్చింది. నేను బ్లేడు పిడికిట్లో దాచుకున్నాను. మూట తెచ్చిచ్చాను. ఆమె వెళ్ళలేదు. తలుపు వంకే చూస్తూ నిలబడింది.

"అన్నా, ఆ పిడి యా పక్కకు తిప్పాల?"

"కిందికమ్మా."

"కిందికే తిప్పినానే." తన అరచేతులు చూసుకుంది. "అయితే నా చేతుల్లో బలం చాల్లేదు. రెండు చేతులా తోసినా. మా ఆయప్ప చెయ్యి నావల్లనే పాయ."

నేను బ్లేడు ఉన్న పిడికిలి వెనక్కి పెట్టుకున్నాను. మూట చంకన పెట్టుకొని ఆమె గేటు దాటి వెళ్ళిపోయింది. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు లప్పం పెట్టడం కాదు, ఆ నిమిషం నోరు మూసుకోవడం.

బ్లేడు డబ్బాలో పడేసి ముదలాళి దగ్గరికెళ్ళి "నావల్ల గాదు" అన్నాను. ఆయన తిట్టాడు. తిట్టనిచ్చాను. ఇన్‌స్పెక్టరు వచ్చాక కోసిన జానెడున్నరా, కోయని మిగతాదీ రెండూ చూపించి, లప్పం నేనే పెట్టానని, బ్లేడు కూడా నాదేనని చెప్పాను. ఆయన ఆ పట్టీ మీద చెయ్యి పెట్టాడు.

"పండగనాడు నేనూ చూస్తిని గదయ్యా దీన్ని. బాగుండాదంటిని" అన్నాడు.

ఆరు బండ్లూ నిలిచిపోయాయి. దీపావళికి వేరే కంపెనీ బండ్లు కిక్కిరిసిపోతుంటే మావి షెడ్డులో వరసగా నిలబడ్డాయి. తై నెల సంక్రాంతి దాకా ముదలాళి నాతో మాట్లాడలేదు. తరవాత ఒక రోజు తానే వచ్చి, "అంచు తెగితే తెగనీ. తలుపు చుట్టూ ఎర్ర రంగు కొట్టు, దూరానికే కనపడాల" అని చెప్పి వెళ్ళిపోయాడు. నన్ను పనిలోంచి ఎందుకు తీసేయలేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నేతవీధి

దీపావళి ముందు రోజు నేను వాళ్ళ ఊరికెళ్ళాను. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. వాళ్ళింట్లో ఏకాంబరం చెయ్యి మెడకు కట్టుకొని గోడకానుకొని కూర్చున్నాడు. అంతవరకు కండెలు చుట్టిన సరోజ ఇప్పుడు మగ్గం గుంతలో కూర్చొని ఉంది. పోగుల మధ్య నాడె సరిగా పోవడం లేదు, పోగులు తెగుతున్నాయి.

నేను నిలబడే చెప్పాను. లప్పం, రంగు, గీత, బ్లేడు, ఆ రోజు నేను నోరు మెదపకపోవడం, అంతా.

ఏకాంబరం నా మొహం చూడకుండా అన్నాడు. "ఆ పొద్దు ముందుగా ఇంకో బండి వచ్చెనన్నా. ఇది వద్దు, ఎనకాల అంచు బండి వస్తాది, దాంట్లో పోదాము అని నేనే అంటిని. నేసేవాణ్ణి గదా. ఆ అంచు చూస్తే నాకు శానా ఇష్టం."

నాకు ఏడుపొచ్చింది. తువాలు అడ్డం పెట్టుకొని ఏడ్చాను. సరోజ మాత్రం నాడె చేతిలో పట్టుకొని ఒకటే అడిగింది.

"అయితే నా బలం చాలకపోవడం గాదా?"

"కాదమ్మా. పదిమంది తోసినా వచ్చేది గాదు."

"వీధిలో అందరూ నన్నే అంటాండారు."

"వాళ్ళకూ చెప్పిపోతాను. నువ్వొకసారి షెడ్డుకు వచ్చి ఆ తలుపు తెరిచి చూడమ్మా" అన్నాను. ఆమె మళ్ళీ నాడె విసిరింది. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పి, ఆఖరి బండికి ఊరు చేరాను.

ఆరు తలుపులు

పండగైన వారానికి పని ముగిసింది. లప్పం గీకేశాము, రబ్బరు పట్టీలు కొత్తవి వేశాము, రంగు ఆరింది. ఈసారి ఆరాక పరీక్ష. నేను తెరిచి చూశాను, తేలిగ్గానే వచ్చింది. కానీ నాది పదేళ్ళకు పైగా సుత్తి పట్టిన చెయ్యి. నాకు తేలికైతే ఏమిటి లాభం అనిపించి, సంతకం పెట్టకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకొని కూర్చున్నాను.

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ వచ్చారు. సరోజ ఎవరినీ పలకరించకుండా తిన్నగా ఆ పళ్ళిపట్టు బండి ఎక్కి, అదే సీట్లో కూర్చుంది. షెడ్డులో సుత్తులన్నీ ఆగాయి. ఏకాంబరం బస్సు బయట ఆ తలుపు కింద నిలబడ్డాడు.

పిడి తిరిగిన చప్పుడు వినిపించింది. తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. ఆమె దాన్ని అంత గట్టిగా తోసిందని ఆమెకే తెలియదు, ముందుకు తూలి చట్రం పట్టుకొని ఆగింది. అలాగే నిలబడి కింద ఉన్న మొగుణ్ణి చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఇంత సులువన్నా ఇది?" అంది.

మెట్ల వైపు వెళ్ళలేదు. ఏకాంబరం ఎడమ చెయ్యి చాచాడు. అది పట్టుకొని ఆ తలుపులోంచే కిందికి దూకింది. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు ఇంటికొచ్చి చెప్పినావు, సరే. ఆయప్ప చెయ్యి మాత్రం నువ్వు తెచ్చియ్యలేవు గదన్నా."

"తేలేనమ్మా" అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకొని, వరసగా నిలబడి ఉన్న మిగతా బండ్ల వైపు చూసింది.

"ఇంకా అయిదు ఉండాయి గదా. అవీ తెరిచి చూస్తాను. యాడ ఎక్కాల?"

నేను జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, ఆమె వెనకాల నడిచాను.